నా పేపర్ వార్తయింది, ఆమె బేరం పోయింది

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. యూనివర్సిటీ, చెరువు, చానల్ పేర్లు తీసేసి అందులోని విషయం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడది మదనపల్లె వైపు. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం బోధిస్తారు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు. ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి నగర శివార్లలో ఒక చెరువు నీళ్లతో పండే ఆకుకూరల్లో సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఎంత ఉన్నాయో పరీక్షించింది. ఒక్క చెరువు, దాని చుట్టూ కొన్ని మళ్లు, అంతే. కొన్ని పాలకూర నమూనాల్లో సీసం పరిమితి కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. చాలావాటిలో రాలేదు. ఆ పరిశోధన పేపర్ ఒక జర్నల్‌లో అచ్చయింది.

యూనివర్సిటీ పీఆర్ (ప్రజా సంబంధాల) విభాగం దాని మీద ప్రెస్ నోట్ తయారుచేసి ఒక రాత్రి ఈవిడకు పంపింది, పొద్దున్నకల్లా ఓకే చెప్పమంది. ఈవిడ తన హోదా తప్పు పడితే అది దిద్ది తిరిగి పంపేశారు. నోట్ మొదటి వాక్యమే "బెంగళూరు ఆకుకూరల్లో పరిమితికి పది రెట్ల సీసం". మర్నాడు పత్రికల్లో, సాయంత్రానికి టీవీలో అదే వచ్చింది. ఒక తెలుగు చానల్ "పాలకూర కాదు, పాషాణం" అని పెద్ద అక్షరాలతో వేసి, ఎక్కడో వేరే చెరువులో నురగ పొంగుతున్న పాత దృశ్యాలు చూపించింది. ఈవిడ పది నిమిషాలు మాట్లాడితే అందులోంచి "ఇది ఆందోళన కలిగించే విషయమే" అన్న ముక్క వాడుకుంది. ఆ తర్వాత "కానీ" అని ఈవిడ చెప్పిందంతా పోయింది.

నాలుగు రోజులకు, నమూనాలు ఇచ్చిన రైతుల్లో ఒకామె ఫోన్ చేసింది. కోలారు తెలుగామె. పొద్దున్నే కోసిన సొప్పు (ఆకుకూర) బుట్టలో పెట్టుకుని అపార్ట్‌మెంట్లలో అమ్ముకుంటుంది. "మీ వార్త చూపిచ్చి గేటు కాడే నిలిపేస్తాండారు మేడం. మట్టి అడిగితే మట్టి ఇస్తిమి, ఆకు అడిగితే ఆకు ఇస్తిమి. మాకు ఇదా మీరు చేసేది?" అని అడిగి పెట్టేసింది.

యూనివర్సిటీలో మాత్రం అభినందనలు. వైస్ చాన్సలర్ గారు మీటింగ్‌లో పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఊళ్లో వాళ్లమ్మ ఆ క్లిప్పు అందరికీ చూపిస్తోంది. పని చేసిన పీహెచ్‌డీ అమ్మాయి పేరు ఏ వార్తలోనూ లేదు, ఆ పిల్ల అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. ఈవిడకు పీహెచ్‌డీ చేయించిన పాత గైడ్ "ఇంకెప్పుడూ మీడియా జోలికి పోవద్దు, నీ పేపర్లు నువ్వు రాసుకో" అన్నారు. ఇంతలో అదే చానల్ వచ్చే శనివారం "మన కంచంలో క్యాన్సర్" అనే చర్చకు పిలిచింది.

"వివరణ ఇస్తే యూనివర్సిటీకి కోపం వస్తుంది, ప్రొబేషన్ మీద ప్రభావం పడుతుందేమోనని టెన్షన్. ఊరుకుందామంటే ఆమె మాట చెవుల్లో తిరుగుతోంది. నేను అబద్ధం చెప్పలేదు కదా, మరి తప్పు ఎవరిది? ఏం చేయమంటారు?" అని అడిగారు.

సమాధానం:

ముందు ఆ పది రెట్ల లెక్క తేలాలి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. మీరు ఉత్తరంతో పాటు పంపిన పట్టిక చూశాను. అందులో సీసం అంకెలన్నీ ఎండబెట్టి పొడి చేసిన ఆకు బరువు మీద ఉన్నాయి. ల్యాబ్‌లో అలాగే కొలుస్తారు, అది మామూలు పద్ధతే. ఆహార భద్రత పరిమితి మాత్రం మనం కొని తెచ్చుకునే పచ్చి ఆకు బరువు మీద ఉంటుంది. పాలకూరలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు పోతే మిగిలిన పొడిలో ఏ లోహం అంకెయినా దాదాపు పది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. పచ్చి ద్రాక్ష కన్నా ఎండు ద్రాక్షలో చక్కెర శాతం ఎక్కువ ఉన్నట్టే ఇదీ. మీ పేపర్ చివర్లో మీరు పచ్చి బరువుకు మార్చి సరిగ్గానే పోల్చారు. పీఆర్ విభాగంలో ఎవరో పట్టికలోని అంకెను తీసుకెళ్లి నేరుగా పరిమితి పక్కన పెట్టారు. "పది రెట్లు" అక్కడ పుట్టింది.

అంటే తప్పు విలేకరి చేతికి చేరకముందే జరిగింది. తప్పు ఎవరిదని మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇందులో మీ వాటా ఉంది. ఆ నోట్ మీ కళ్ల ముందు నుంచి వెళ్లింది. అలాగని ఇది మీ ఒక్కరికే జరిగిన విషయం కాదు. బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20 పెద్ద యూనివర్సిటీలు 2011లో ఆరోగ్య పరిశోధనల మీద ఇచ్చిన 462 ప్రెస్ నోట్లను అసలు పేపర్లతో, వాటి మీద వచ్చిన వార్తలతో పోల్చి చూశారు. 40 శాతం నోట్లలో, పేపర్‌లో ఉన్నదానికి మించిన సలహాలు ఉన్నాయి. నోట్‌లోనే అలా ఎక్కువ చేసి చెప్పినప్పుడు వార్తల్లో 58 శాతం అదే చేశాయి. నోట్ సరిగ్గా ఉన్నప్పుడు అలా చేసిన వార్తలు 17 శాతమే. వార్త చెడిపోవడం చాలాసార్లు యూనివర్సిటీ గడప లోపలే మొదలవుతుందని దీని అర్థం. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, మీ పీఆర్ వాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది. ఎక్కువ చేసి రాసిన నోట్లకు ఎక్కువ కవరేజీ వచ్చిందనడానికి కూడా పెద్దగా ఆధారం కనిపించలేదు.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

ఊరుకోవడం ఒక దారి. వారం తిరిగేసరికి టీవీ ఇంకో విషయం ఎత్తుకుంటుంది, ప్రొబేషన్ ప్రశాంతంగా గడుస్తుంది. కానీ ఆ అంకె ఎక్కడికీ పోదు. రేపు ఇంకో విలేకరి ఆకుకూరల మీద రాయాలనుకుంటే వెతికేది పాత వార్తనే. బెంగళూరులో చెరువు వార్తలకు ఉన్న బలం మీకు తెలుసు. బెళ్లందూరు చెరువు మీద 2017 ఫిబ్రవరిలో మంటలు లేచినప్పుడు ఆ వార్తలు చూసి జాతీయ హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. ఒక వార్త అంత దూరం తీసుకెళ్లగలదు. ఆ బలంతోనే మీ తప్పు అంకె కూడా ఏ అధికారి ఫైలులోకో చేరవచ్చు. అప్పుడు "ఆ చుట్టుపక్కల ఆకుకూరల సాగు ఆపేయండి" అనే ఉత్తర్వు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ రోజు మీరు నోరు విప్పితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

మీడియా మీద ఫిర్యాదు ఇంకో దారి. పత్రికల మీదైతే ప్రెస్ కౌన్సిల్ ఉంది. ముందు ఎడిటర్‌కు రాయాలి, దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు కౌన్సిల్‌కు వెళ్లాలి. విచారణ తర్వాత కౌన్సిల్ మందలించగలదు, అంతకు మించి శిక్ష వేసే అధికారం దానికి లేదు. టీవీ దాని పరిధిలోకి రాదు. చానళ్లకు 2021 నుంచి కేబుల్ టీవీ నిబంధనల్లో ఫిర్యాదుల పద్ధతి పెట్టారు. ముందు చానల్‌కే రాయాలి, వాళ్లు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు నచ్చకపోతే పై మెట్టుకు వెళ్లవచ్చు. వేరే చెరువు పాత దృశ్యాలు చూపించడం, మీ వాక్యాన్ని సగంలో కోయడం, ఈ రెండింటి మీదా మీ ఫిర్యాదు నిలబడుతుంది. పది రెట్ల మీద మాత్రం నిలబడదు. "మీ యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉన్నదే చెప్పాం" అని వాళ్లు నోట్ చూపిస్తారు. అందుకే ఇది మొదటి అడుగు కాకూడదని నా అభిప్రాయం. సవరణ ముందు మీ వైపు నుంచి రావాలి.

సవరణ కన్నా ముందు ఇంకో పని ఉంది. ఇందులో నేను మధ్యేమార్గం చెప్పను. ఆ రైతుల దగ్గరికి వెళ్లండి.

వాళ్లు మీకు మట్టి ఇచ్చారు, ఆకు ఇచ్చారు, టైమిచ్చారు. ఏ మడిలో ఏం వచ్చిందో వాళ్లకు ఎవరైనా చెప్పారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన ఎక్కడా లేదు, చెప్పలేదనే అనుకుంటున్నాను. మన పరిశోధనల్లో ఇది మామూలైపోయింది. నమూనా తీసుకునేటప్పుడు చేతులు జోడిస్తాం, ఫలితం మాత్రం జర్నల్‌కు పంపుతాం. ఆ ఊరివాళ్లు తమ పొలం సంగతి టీవీలో విని తెలుసుకుంటారు. ఆమె ఫోన్‌లో అడిగిన ప్రశ్నలో నాకు వినిపించిన బాధ అదే. బేరం పోయినందుకు కోపం ఎలాగూ ఉంటుంది. తన మడి గురించి తనకు తప్ప ఊరందరికీ ముందు తెలిసిందన్న అవమానం దానికన్నా లోతుగా గుచ్చుతుంది.

వెళ్లినప్పుడు ఏం చెప్పాలన్నది మీ పేపర్‌లోనే ఉంది. ఎవరి మడిలో పరిమితి దాటింది, ఎవరిదాంట్లో దాటలేదు, విడివిడిగా చెప్పండి. కడిగితే ఆకు మీది దుమ్ము, దాంతో పాటు ఉన్న సీసం కొంత పోతుందని, మొక్క లోపలికి పీల్చుకున్నది పోదని చెప్పండి. మామూలుగా ఆకుకూరల్లో చేరినంతగా లోహాలు కాయల్లో చేరవు. ఆ లెక్కన పరిమితి దాటిన మళ్లలో ఏ పైరు మార్చుకోవచ్చో ఉద్యానశాఖ వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడితే ఇంకా మంచిది. మీరు ఊరికే క్షమాపణ చెప్పి వచ్చేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. కోప్పడితే కోప్పడనివ్వండి, ఎదురు వాదించకండి.

ఒక మాట మీరు నోరారా చెప్పాలి. ఆ సీసం వాళ్లు పోసింది కాదు. నగరంలో ఇళ్ల మురుగు, అపార్ట్‌మెంట్ల మురుగు, చిన్నాచితకా ఫ్యాక్టరీల నీళ్లు చాలాచోట్ల శుద్ధి కాకుండానే చెరువుల్లోకి చేరతాయి. సీసం కలిపిన పెట్రోలును దేశమంతా 2000లోనే ఆపేశారు, అయినా అప్పటికే మట్టిలో చేరింది అంత తొందరగా పోదు. పాత బ్యాటరీలు, రంగులు ఇంకో మూలం. ఆ తల్లిని గేటు దగ్గర ఆపినవాళ్లు ఒక్కసారి తమ అపార్ట్‌మెంట్ మురుగునీళ్లు ఎక్కడికి పోతున్నాయో కనుక్కుంటే బాగుండు. ఇది రాస్తుంటే నాకే కోపం వస్తోంది. మీ పరిశోధనలో రాయవలసిన అసలు వార్త అదే, దాన్ని ఎవరూ రాయలేదు.

ఇప్పుడు యూనివర్సిటీ సంగతి. మీ భయం అర్థం లేనిది కాదు. టీవీలో పేరు రావడం ప్రైవేటు యూనివర్సిటీలకు ఎందుకంత ముఖ్యమో మీకు నాకన్నా బాగా తెలుసు. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో నలుగురిలో ఉన్న పేరుకే పది శాతం మార్కులు ఉన్నాయి, అడ్మిషన్ల సీజన్లో ప్రకటనల్లోనూ అలాంటి క్లిప్పులు పనికొస్తాయి. కాబట్టి "మీ నోట్ తప్పు" అంటూ వెళితే తలుపులు మూసుకుంటాయి. మీరు మీ విభాగాధిపతిని కలిసి, అసలు పేపర్, నోట్ రెండూ పక్కపక్కన పెట్టి, పచ్చి బరువు లెక్క ఒక పేజీలో చూపించండి. జర్నల్ పేపర్ ఎవరైనా తెరిచి చూడవచ్చు. వేరే యూనివర్సిటీ ఆచార్యుడు ఎవరైనా ఈ తేడా పట్టుకుని పత్రికకు రాస్తే పోయేది సంస్థ పేరు. ముందే మనం సవరిస్తే అది పద్ధతి గల సంస్థ అనిపించుకుంటుంది. ఈ వాదనకు పెద్దవాళ్లు దిగివస్తారు, ఎందుకంటే ఇది వాళ్ల పేరు కాపాడే వాదన. నోరుతో చెప్పి ఊరుకోకుండా, ఆ రోజే ఒక ఈమెయిల్ కూడా పెట్టండి. రేపు ప్రొబేషన్ ఫైలులో ఎవరైనా ఏమైనా రాస్తే, తప్పు తెలిసిన వెంటనే మీరే చెప్పారన్న రుజువు ఉండాలి.

వాళ్లు ఒప్పుకుంటే యూనివర్సిటీ పేరు మీదే సవరించిన ప్రకటన వెళుతుంది. అది అన్నిటికన్నా మంచి దారి, మీకు ప్రమాదం తక్కువ. ఒప్పుకోకపోతే రెండు దారులు మిగులుతాయి. పేపర్ రచయితగా మీరే ఎడిటర్లకు ఉత్తరం రాయవచ్చు. మీ నియామక పత్రంలో, సర్వీసు నిబంధనల్లో మీడియాతో మాట్లాడడం గురించి ఏముందో ముందు చూసుకోండి. సొంత పరిశోధన మీద వివరణ ఇవ్వడానికి అభ్యంతరం లేదని చాలా సంస్థల్లో రాసి ఉంటుంది, కొన్నిచోట్ల రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఇందులో రిస్క్ ఉంది, లేదని చెప్పను. మీ జీతం మీద ఇల్లు నడుస్తుంటే ఆ రిస్క్ తీసుకోమని నేను దూరాన కూర్చుని చెప్పడం సబబు కాదు. రెండో దారి నెమ్మదైనది. జనం భాషలో మీ పరిశోధన మీద మీరే ఒక వ్యాసం రాయండి, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. అందులో ఎక్కడా "వార్త తప్పు" అనకండి. ఒక్క చెరువు, కొన్ని మళ్లు, పచ్చి బరువు మీద ఇంత అని సరైన అంకె రాయండి. ఆ అంకె నలుగురి కళ్లలో పడుతుంది, యూనివర్సిటీ పరువు బజారున పడదు. నష్టం ఏమిటంటే పాత వార్త అలాగే ఉంటుంది, దాని కింద సవరణ రాదు.

పత్రికలకు రాసేటప్పుడు ఉత్తరం పొట్టిగా ఉండాలి. ఏ తేదీ వార్త, అందులో ఏ వాక్యం, సరైన అంకె ఏమిటి, ఆధారం పేపర్‌లో ఏ పేజీ. నాలుగు వాక్యాలు దాటితే డెస్క్‌లో ఎవరూ చదవరు. ది హిందూ 2006లోనే పాఠకుల ఫిర్యాదులు, సవరణలు చూడడానికి రీడర్స్ ఎడిటర్ అనే ఉద్యోగాన్ని పెట్టింది. అలాంటి మనిషి లేని పత్రికల్లో నేరుగా ఆ వార్త రాసిన విలేకరికి ఫోన్ చేయండి, కోపంగా కాదు. నేను చాలాకాలం న్యూస్ డెస్క్‌లో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, హెడ్డింగ్ పెట్టేది విలేకరి కాదు, సబ్ ఎడిటర్. ఆ రాత్రి చేతిలో ఉన్న నోట్ తప్ప అతనికి వేరే ఆధారం ఉండదు. చాలామంది విలేకరులు తప్పు అంకె రాశామని తెలిస్తే బాధపడతారు, దిద్దడానికి సిద్ధంగా ఉంటారు. వాళ్లను శత్రువుల్లా చూడకండి.

మీ గైడ్ గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తాను. ఆయన మీ మంచి కోరే అన్నారు. కానీ 2021 మే నెల గుర్తుందా? ఎన్440కె అనే మార్పు ఉన్న కరోనా వైరస్‌కు "ఏపీ స్ట్రెయిన్" అని పేరు అంటించి, అది 15 రెట్లు ప్రమాదకరమని వార్తలు వచ్చాయి. ల్యాబ్‌లో కణాల మీద చేసిన ప్రయోగాల్లోని అంకెలు మనుషుల ప్రాణాల లెక్కగా మారిపోయాయి. ఆ పరిశోధన అప్పటికి ఇతర శాస్త్రవేత్తల సమీక్ష కూడా పూర్తి కాని ప్రిప్రింట్. ఆ భయంలోనే ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది, రెండు డోసులు వేసుకున్నవాళ్లకూ నెగటివ్ రిపోర్టు ఉన్నవాళ్లకూ ఏడు రోజులు. ఒక అంకె, ఒక పేరు కలిసి రెండు రాష్ట్రాల మనుషుల్ని అనుమానితుల్ని చేశాయి. అప్పుడు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నోరు విప్పారు. ఆ రకం అప్పటికే తగ్గిపోతోందని, దాని స్థానంలో వేరే రకాలు వస్తున్నాయని చెప్పారు. మీడియా జోలికి పోవద్దనుకుని వాళ్లు ఇంట్లో కూర్చుని ఉంటే ఆ భయం ఇంకెంత పెరిగేదో ఊహించండి. మీరు మాట్లాడకపోతే కుర్చీ ఖాళీగా ఉండదమ్మా. మీకన్నా తక్కువ తెలిసినవాళ్లు వచ్చి కూర్చుంటారు. పైగా మీరు స్త్రీ. 2020లో 116 దేశాల్లో జరిగిన ప్రపంచ మీడియా పరిశీలనలో, వార్తల్లో కనిపించే, మాట్లాడే మనుషుల్లో ఆడవాళ్లు నాలుగో వంతే. అందులోంచి ఇంకొకరు తప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

అయితే ఈ శనివారం చర్చకు వెళ్లాలా? వెళ్లకపోవడమే మంచిదనిపిస్తోంది, కారణం చర్చ పేరులోనే ఉంది. మీరు క్యాన్సర్ మీద పరిశోధన చేయలేదు. సీసం విషయంలో ముందుగా చెప్పుకోవలసింది పసిపిల్లల మెదడుకు, నరాలకు జరిగే హాని. అది కూడా మీరు కాదు, పిల్లల డాక్టరో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో ఈ విషయం తెలిసినవాళ్లో చెప్పాలి. నలుగురు ఒకేసారి అరిచే చోట "అది నా విషయం కాదు" అన్న మాట వినపడదు, మౌనాన్ని ఒప్పుకోలుగా చూపిస్తారు. మీరు వెళ్లకపోతే పోయేది ఒక్క గంట. ఆ చానల్‌తో సంబంధం తెంచుకోవాలనిపించకపోతే వాళ్లకు వేరే ప్రతిపాదన పెట్టండి: చర్చ వద్దు, చెరువు దగ్గరికి కెమెరాతో రండి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపిస్తాను అని. ఒప్పుకుంటే మీకు కావలసిన వార్త వాళ్లే తీస్తారు. రైతుల మొహాలు, వాళ్ల మళ్ల ఆనవాళ్లు చూపించకూడదని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఒకవేళ వెళ్లాలనే నిర్ణయించుకుంటే, లైవ్ అయితేనే వెళ్లండి. రికార్డు చేసిందాన్ని కోయగలరు, లైవ్‌ను కోయలేరు. మిగతా అతిథులెవరో ముందే అడగండి. మీ షరతును వాక్యం చివర్లో "కానీ" తర్వాత పెట్టకండి, ముందే పెట్టండి. "ఒక్క చెరువు కింద, కొన్ని పాలకూర నమూనాల్లో మాత్రమే సీసం పరిమితి కన్నా కాస్త ఎక్కువ కనిపించింది" అంటే అందులో ఎక్కడ కోసినా వాక్యం నిలవదు. "ఆందోళన కలిగించే విషయమే" లాంటి మాటలు ఎవరైనా విడదీసి వాడుకోగలరు. ఇంటర్వ్యూ చేసిన విలేకరిని మొత్తం వార్త చూపించమని అడిగితే ఇవ్వరు, అడగడం మర్యాద కూడా కాదు. కానీ "మీరు వాడే అంకెలు, నా పేరు మీద వేసే మాటలు ఒక్కసారి ఫోన్‌లో చదివి వినిపిస్తారా" అంటే చాలామంది కాదనరు. డెస్క్‌లో సందేహం వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయమని చెప్పండి. చేసేవాళ్లున్నారు.

అమ్మగారికి క్లిప్పు సంగతి ఇప్పుడే చెప్పి బాధపెట్టనక్కర్లేదు. సవరణ వచ్చాక అది కూడా చూపించండి, దానికీ సంతోషిస్తారు.

మీ విద్యార్థిని గురించి మీరు ఉత్తరంలో రెండు వాక్యాలే రాశారు, నాకు అది పెద్ద విషయంగా తోచింది. పేపర్‌లో మొదటి పేరు ఆ అమ్మాయిదే. నమూనాలు తెచ్చింది, ఎండబెట్టింది, ఆమ్లంలో కరిగించింది, మిషన్ ముందు కూర్చుంది ఆ అమ్మాయే. విలేకరులు హోదా ఉన్నవాళ్లకే ఫోన్ చేస్తారు, అది వాళ్ల అలవాటు. దాన్ని మార్చే వీలు మీ చేతిలో ఉంది. సవరించిన ప్రకటనలో ఆమె పేరు ముందు, మీ పేరు తర్వాత రావాలి. తర్వాత ఎవరైనా మీకు ఫోన్ చేస్తే "ఈ పని చేసింది మా అమ్మాయి, తనతో మాట్లాడండి, పక్కన నేనుంటాను" అనండి. తప్పు అంకె బయటికి వెళ్లిన సంగతి ఆమెకు మీరే చెప్పండి. పట్టిక తనదే కాబట్టి ఆ పిల్ల ఈపాటికే గుర్తుపట్టి, మీతో ఎలా చెప్పాలో తెలియక ముభావంగా ఉందేమో కూడా.

రైతుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయిని తీసుకెళ్లండి. వాళ్లకు తెలిసిన మొహం తనది. ఫలితాల కాగితాలు తెలుగులో, కన్నడంలో రాయించి, ఎవరి మడిది వాళ్ల చేతికే ఇవ్వండి. పరిమితి దాటని మళ్లవాళ్లకు యూనివర్సిటీ ముద్రతో ఇస్తే మరీ మంచిది, గేటు దగ్గర ఆపినవాళ్లకు చూపించుకోవడానికి పనికొస్తుంది. మీకు ఫోన్ చేసిన ఆ రైతు మడి ఫలితం ఎలా వచ్చిందో మీరు ఉత్తరంలో రాయలేదు. వెళ్లే ముందు అది చూసుకోండి. పరిమితి దాటి ఉంటే ఉద్యానశాఖ మనిషిని అదే రోజు వెంట తీసుకెళ్లండి.